ముఫీదా త్లాత్లి సినిమాని తెలుగు సబ్‌టైటిళ్ళతో బెజవాడలో ఆడించడం ఎలా

ట్యునీషియా దర్శకురాలు ముఫీదా త్లాత్లి 1994లో తీసిన ‘ది సైలెన్సెస్ ఆఫ్ ది ప్యాలెస్’ నిడివి 127 నిమిషాలు. భాష ట్యునీషియా అరబిక్, అక్కడక్కడా ఫ్రెంచ్. విజయవాడలోనో గుంటూరులోనో ఒక అరవై డెబ్భై మంది ఆడవాళ్ళకి, అంటే హాస్టల్ అమ్మాయిలకి, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి, మిర్చి తొడిమలు తీసే కూలీలకి, టీచర్లకి దీన్ని తెలుగు అక్షరాలతో చూపించాలంటే ఏమేం చెయ్యాలో ఇక్కడ రాస్తున్నాం. మొత్తం పనికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పెట్టుకోండి. అందులో సగం సబ్‌టైటిళ్ళకే పోతుంది.

ముందు ఆమె గురించి నాలుగు ముక్కలు. ఇవి తెలియకపోతే పని తప్పుగా మొదలవుతుంది. త్లాత్లి 1947లో ట్యునిస్ పక్కనున్న సిదీ బూ సయీద్‌లో పుట్టారు. పారిస్‌లోని ఇడెక్ ఫిల్మ్ స్కూల్లో చదివి, ఫ్రెంచ్ టెలివిజన్‌లో కొన్నాళ్ళు పనిచేసి, 1972లో ఇంటికి తిరిగొచ్చారు. తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళు అరబ్ దర్శకుల సినిమాలకి ఎడిటర్. దర్శకత్వం చేసేనాటికి వయసు నలభై దాటింది. తల్లి జబ్బుపడి మాట పోగొట్టుకున్నాక ఆమెని చూసుకుంటూ, అడగాల్సినవి అడగలేకపోయానే అన్న బాధలోంచి ఈ కథ పుట్టిందని ఆమే చెప్పుకున్నారు. కాన్ చిత్రోత్సవంలో కెమెరా డోర్ (దర్శకుల మొదటి సినిమాకిచ్చే బహుమతి) విభాగంలో ప్రత్యేక ప్రస్తావన, ట్యునీషియాలోనే జరిగే కార్తేజ్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ తనీత్ వచ్చాయి. 2021 ఫిబ్రవరిలో చనిపోయారు.

ఇందులో మనకి పనికొచ్చే ముక్క ‘ఎడిటర్’ అన్నది. ఈ సినిమాలో అసలు సంగతులు మాటల్లో ఉండవు. ఒక చూపుకీ ఇంకో చూపుకీ మధ్య కోతలో ఉంటాయి, చేతుల పనిలో ఉంటాయి, ఎవరూ జవాబివ్వని ప్రశ్నలో ఉంటాయి. కాబట్టి మీరు చేసే ప్రతి పనికీ, సబ్‌టైటిల్ అయినా స్పీకర్ అయినా చర్చ అయినా, ఒకటే పరీక్ష: అది ఆ నిశ్శబ్దాన్ని పాడుచేస్తోందా లేదా.

అనుమతుల సంగతి

గాంధీనగర్ డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లో ఈ సినిమా దొరకదు, అక్కడ తిరిగి టైము పాడుచేసుకోకండి. నిర్మాతలు ట్యునీషియాకి చెందిన సినేతెలెఫిల్మ్, ఫ్రాన్స్‌కి చెందిన మాట్ ఫిల్మ్స్. ప్రస్తుతం హక్కులు ఎవరి దగ్గరుంటే వాళ్ళకి, టిక్కెట్టు లేకుండా ఒకే ఒక్క ప్రదర్శన అనీ, ఎంతమంది చూస్తారో, ఏ తేదీనో, తెలుగు సబ్‌టైటిళ్ళు మేమే వేసుకుంటామనీ రాసి మెయిల్ పెట్టండి. ఈ చివరి ముక్క మర్చిపోతారు చాలామంది. సబ్‌టైటిల్ వెయ్యడం అంటే అనువాదం, దానికీ విడిగా ఒప్పుకోలు కావాలి. ఫ్రెంచ్ సంస్థలతో ఉత్తరాలు నడపడానికి హైదరాబాద్ అలియాన్స్ ఫ్రాన్సేజ్‌ని అడిగి చూడొచ్చు.

రెండో గుమ్మం సెన్సార్. సర్టిఫికెట్ లేని సినిమాని బహిరంగంగా ఆడించడం 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం కుదరదు. చిత్రోత్సవాలు కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకుంటాయి. ఫిల్మ్ సొసైటీలు తమ సభ్యులకి మాత్రమే చూపిస్తాయి. హక్కుల విషయంలో కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి సులువైన దారి కాలేజీ, అయితే ఇది కాపీరైట్ వరకే, సెన్సార్‌కి కాదు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విద్యాసంస్థలో సిబ్బందికీ, విద్యార్థులకీ, వాళ్ళ తల్లిదండ్రులకీ సినిమా చూపించడానికి వెసులుబాటు ఇస్తుంది. ‘అందరూ ఆహ్వానితులే’ అని కరపత్రం వేశారంటే ఆ వెసులుబాటు పోయినట్టే. కూలీలు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు కూడా రావాలంటే ఇది చాలదు, పైన చెప్పిన అనుమతులే తెచ్చుకోవాలి. గేటు దగ్గర పేర్ల పట్టీ పెట్టండి.

రాసేముందు మూడుసార్లు చూడాలి

మొదటిసారి మామూలుగా చూడండి. రెండోసారి ధ్వని పూర్తిగా తీసేసి చూడండి. ఎక్కడ ఎవరు ఎవరిని చూస్తున్నారో అప్పుడే తెలుస్తుంది. మూడోసారి కాగితం మీద రెండు గడులు గీసుకుని, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ‘ఇప్పుడు’, ఎక్కడ ‘అప్పుడు’ అని రాసుకోండి. సబ్‌టైటిల్ వేసేటప్పుడు ఈ కాగితం పక్కనే ఉండాలి.

‘ఇప్పుడు’ అంటే ట్యునీషియాకి స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్ళ తర్వాత. ఆలియా పెళ్ళిళ్ళలో పాటలు పాడే పాతికేళ్ళ మనిషి. లుత్ఫీతో కలిసి ఉంటోంది, పెళ్ళి కాలేదు, కడుపుతో ఉంది. కడుపు తీయించుకోమంటాడు అతను. ఈలోగా తను పుట్టిపెరిగిన దివాణంలో సీదీ అలీ ప్రభువు పోయాడని కబురొస్తుంది. పరామర్శకి వెళ్తుంది. ఖాళీ గదుల్లో నడుస్తుంటే ‘అప్పుడు’ మొదలవుతుంది: 1950లు, తల్లి ఖదీజా అక్కడ వంటింటి దాసి, అవసరమైతే పై అంతస్తుకి పిలుపు. ఆలియా తండ్రెవరో ఎవరూ చెప్పరు. ప్రభువుల పిల్ల సారా, దాసి పిల్ల ఆలియా ఒకే రాత్రి పుట్టారు.

హాల్లో ఈ కాలం జనానికి అందాలంటే మన తేదీలు పక్కన పెట్టి చెప్పండి. ఫ్రాన్స్ పెత్తనం పోయి ట్యునీషియాకి స్వాతంత్ర్యం వచ్చింది 1956 మార్చి 20న. బహుభార్యాత్వాన్ని రద్దుచేసిన వాళ్ళ కుటుంబ చట్టం అదే ఏడాది ఆగస్టు 13న వచ్చింది. మనకి హిందూ వివాహ చట్టం 1955, ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు 1956 నవంబరు 1. మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948. ‘మన అమ్మమ్మల కాలం’ అంటే చాలు, ముసలివాళ్ళు తల ఊపుతారు. కొత్త చట్టం వచ్చి పదేళ్ళయినా ఆలియా బతుకు ఎందుకు అక్కడే ఉందన్నది సినిమా అడిగే ప్రశ్న. దాన్ని పరిచయంలోనే విప్పేయకండి.

సబ్‌టైటిళ్ళు

మామూలుగా రెండు గంటల సినిమాకి వెయ్యి దాకా సబ్‌టైటిళ్ళు పడతాయి. ఒక మనిషి జాగ్రత్తగా చేస్తే రోజుకి వంద. పది రోజులు రాతకి, నాలుగు రోజులు తెర మీద సరిచూడటానికి. సబ్‌టైటిల్ ఎడిట్, ఏజీసబ్ రెండూ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లే. ఫైలు ఎస్ఆర్‌టి (మాటలు, వాటి టైములు ఉండే మామూలు టెక్స్ట్ ఫైలు) రూపంలో, తెలుగు అక్షరాలు చెడకుండా యూటీఎఫ్-8లో దాచాలి. టైము ఇలా రాయాలి: 00:01:20,500. సెకన్ల తర్వాత వచ్చేది కామా, చుక్క కాదు. చుక్క పెడితే కొన్ని ప్లేయర్లు ఆ లైనే చూపించవు.

బెజవాడలో ప్రతివాళ్ళూ పడే గొయ్యి ఒకటుంది. తెలుగు టైపింగ్ అనగానే డీటీపీ సెంటర్‌కి ఇస్తారు. వాళ్ళు అనూ ఫాంట్లలో కొట్టిస్తారు. శుభలేఖకి అది బాగానే ఉంటుంది, సబ్‌టైటిల్ ఫైల్లో పెడితే తెర మీద పిచ్చి ఇంగ్లిషు గుర్తులు వస్తాయి. అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్‌లో కొట్టమని ముందే చెప్పండి. అప్పటికే అనూలో కొట్టేసి ఉంటే కన్వర్టర్‌లో మార్చి, వత్తులు, అరసున్నలు, కొటేషన్ గుర్తులు ఒక్కొక్కటీ చూసుకోండి. ఎక్కువ తేడాలు వచ్చేది అక్కడే.

అక్షరాల లెక్క. సాఫ్ట్‌వేర్ చూపించే క్యారెక్టర్ల సంఖ్యని తెలుగులో నమ్మకూడదు. ‘స్త్రీ’ కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కి అది ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఇంగ్లిషుకి పెట్టిన హద్దు అలాగే ఉంచితే సగం లైన్లు ఎర్రగా చూపిస్తూ మిమ్మల్ని కంగారు పెడుతుంది. నోటితో పలికే అక్షరాలు లెక్కపెట్టండి. లైనుకి ఇరవై రెండు, మహా అయితే ఇరవై నాలుగు. ఒకసారికి రెండు లైన్లు దాటొద్దు. చదువుకునే అమ్మాయిలకైతే సెకనుకి పన్నెండు అక్షరాలు అందుతాయి. రాత్రిబడిలో చదువు నేర్చుకున్న వాళ్ళుంటే ఎనిమిది, తొమ్మిది దగ్గర ఆగండి. తక్కువలో తక్కువ ఒక సెకను, ఎక్కువలో ఎక్కువ ఆరు సెకన్లు తెర మీద ఉండాలి.

అంటే కుదించాలి. సినిమాలోది కాదు, ఉదాహరణకి అనుకోండి: ‘పైకి వెళ్ళొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాను’ అంటే పదిహేను అక్షరాలు. ‘పైకి వెళ్ళొద్దన్నానా!’ అంటే ఏడు. విసుగూ భయమూ రెండూ అందులోనే ఉన్నాయి. తెలుగులో కోపం క్రియ చివర్లో ఉంటుంది, మాటల సంఖ్యలో కాదు.

క్రియ అంటే గుర్తొచ్చింది. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. పొడుగు వాక్యాన్ని రెండు సబ్‌టైటిళ్ళుగా కోస్తే మొదటి ముక్కలో కర్త, కర్మ ఉండి పని ఉండదు. తెర మీద మొహం అప్పటికే మారిపోతుంది, కింద అక్షరాలింకా ‘మీ అమ్మ నీ తండ్రెవరన్నది...’ దగ్గరే ఉంటాయి. మాట్లాడేటప్పుడు మనం క్రియని ముందుకి లాగుతాం కదా, అదే వాడండి: ‘చెప్పలేదు మీ అమ్మ... నీ తండ్రెవరో.’ వ్యాకరణం పుస్తకంలో ఎలా ఉన్నా కంటికి ఇదే సరి.

ఇక పిలుపులు. మీరు చేసేది ఇంగ్లిషు సబ్‌టైటిళ్ళ నుంచే అయ్యుంటుంది. అందులో అందరికీ ‘యూ’ ఒకటే. ఎవరు ఎవర్ని ‘నువ్వు’ అనాలో, ఎవర్ని ‘మీరు’ అనాలో మీరే తేల్చుకోవాలి, ముందుగా ఒక పట్టీ రాసుకోవాలి. లేకపోతే మొదటి అరగంటలో ‘మీరు’ అన్న మనిషి రెండో గంటలో ‘నువ్వు’ అంటుంది, ప్రేక్షకులు దానికేదో అర్థం వెతుకుతారు.

చెవి పెట్టి వింటే అరబిక్‌లోనే సగం జవాబు ఉంది. దాసీలు ప్రభువుల్ని ‘సీదీ’ అంటారు, వాళ్ళ ఆడవాళ్ళని ‘లల్లా’ అంటారు. ‘అయ్యగారు’, ‘అమ్మగారు’ సరిగ్గా అతుకుతాయి. ‘దొరసాని’ వద్దు, అది వినగానే మన దగ్గర తెల్లదొర గుర్తొస్తాడు. ఈ కథలో ఫ్రెంచివాళ్ళు వేరే ఉన్నారు. వంటింట్లో పెద్దావిడ, మంత్రసాని పని కూడా చేసే హద్దాని అందరూ ‘ఖాల్తీ’ అంటారు. ఖాల్తీ అంటే అమ్మ తోబుట్టువు. ‘పెద్దమ్మ’ అని రాయండి. ‘ఆంటీ’ అన్నారంటే వంటిల్లు కాస్తా అపార్ట్‌మెంట్ అయిపోతుంది. దాసీలు ఒకళ్ళనొకళ్ళు ‘ఏమే’, ‘ఒసే’ అనుకోవచ్చు, మన వైపు ఆడవాళ్ళ చనువు అదే. కానీ పై అంతస్తు నుంచి ఎవరైనా రాగానే ఆ ‘ఏమే’ ఆగిపోవాలి. అక్కడ మీ అనువాదం కూడా నోరు మూసుకోవాలి.

లుత్ఫీ విషయంలో ఇంకా జాగ్రత్త. అతను దివాణంలో తలదాచుకున్న ఉద్యమకారుడు, ఆలియాకి చదువు చెప్తాడు. అప్పుడు ఆమె అతన్ని ‘మీరు’ అనాలి. పదేళ్ళ తర్వాత అదే మనిషితో కాపురం, పుట్టుక తెలియని దాన్ని పెళ్ళిచేసుకోలేనంటున్నాడు. అప్పుడు ‘నువ్వు’. ఈ ఒక్క మార్పు ఎవరూ వివరించనక్కరలేకుండా చాలా చెప్తుంది. తెలుగుకి దొరికిన ఈ వీలు ఇంగ్లిషు సబ్‌టైటిల్‌కి లేదు, వాడుకోండి.

కొన్ని మాటలు వదిలెయ్యండి. గోధుమ రవ్వతో చేసే వాళ్ళ వంటకం ‘కుస్‌కుస్’ని ‘ఉప్మా’ చెయ్యకండి, హాలంతా నవ్వుతుంది. ఆలియా వాయించే తీగల వాద్యం ఊద్‌ని ‘వీణ’ అనొద్దు. వీణ అనగానే సరస్వతీ పూజా, పెళ్ళిచూపులూ గుర్తొచ్చేస్తాయి. ‘ఔద్’ అని రాస్తే లక్నో నవాబు అనుకుంటారు. ‘ఊద్’ చాలు. ట్యునిస్ పాలకుడి బిరుదు ‘బే’. అది ఒంటరిగా తెర మీద పడితే ‘ఏం బే’ లాగా చదువుతారు కుర్రాళ్ళు. మొదటిసారి ‘బే ప్రభువు’ అని రాసి, తర్వాత ‘ప్రభువు’ అనండి. సినిమా పేరు తెలుగులో పెట్టాల్సొస్తే ‘కోట’ అనొద్దు, అందులో యుద్ధాలు, ఏనుగులు ఉంటాయి. నూజివీడు, చల్లపల్లి ఉన్న పాత కృష్ణా జిల్లాలో ‘దివాణం’ అన్న మాట అందరికీ తెలుసు. ‘దివాణపు మౌనాలు’ బాగుంటుంది.

పాటల దగ్గర రెండు రకాలు చెయ్యాలి. మొదట్లో ఆలియా పాడే ఈజిప్టు గాయని ఉమ్ కుల్సుమ్ పాట ‘అమల్ హయాతీ’కి ఒకటి రెండు లైన్ల సారం ఇచ్చి వదిలేయండి, ఆమె మొహం చూడనివ్వండి. చివర్లో సారా నిశ్చితార్థంలో పాడే పాట అలా కాదు. మామూలు పాటలోంచి నిషేధించిన జాతీయ గీతంలోకి మారుతుంది, అతిథులు లేచి వెళ్ళిపోతారు. అదే సమయంలో కింద గదిలో ఖదీజా కడుపు తీసుకోబోయి నెత్తుటి మడుగులో చనిపోతుంటుంది. ఆ గీతం మాటలు తెలియకపోతే అతిథులు ఎందుకు లేచారో తెలియదు. అక్కడ ప్రతి లైనూ వెయ్యాలి, పాట అని తెలిసేట్టు ముందు ♪ గుర్తు పెట్టాలి. వాలు అక్షరాలు వాడకండి, తెలుగు ఇటాలిక్ ప్రొజెక్టర్ మీద తాగినవాడిలా ఊగుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం: సబ్‌టైటిల్ కట్ దాటకూడదు. షాట్ మారడానికి రెండు ఫ్రేముల ముందే మాయం కావాలి. వేరే సినిమాల్లో ఇది అందం కోసం. ఇక్కడ అర్థం కోసం. పెద్ద ఆలియా ఖాళీ వరండాలో తల తిప్పుతుంది, కట్, చిన్న ఆలియా అదే వరండాలో పరిగెడుతుంది. పాత లైను అర సెకను ఎక్కువ నిలిచినా ఇద్దరూ ఒకే కాలంలో ఉన్నట్టు కన్ను నమ్మేస్తుంది. ఇందాక రాసుకున్న ‘ఇప్పుడు, అప్పుడు’ కాగితం తీసి ప్రతి మలుపునీ ఫ్రేము ఫ్రేముగా చూసుకోండి. ఒక పూట పడుతుంది, అంతే.

ముందుకో వెనక్కో జరిగిపోతే

సబ్‌టైటిళ్ళు మొదటి నుంచీ ఒకేలా, అంటే రెండు సెకన్లు ముందో వెనకో ఉంటే సులువు. వీడియో ప్లేయర్ వీఎల్‌సీలో జి, హెచ్ మీటలు నొక్కుతూ సరిచేసుకోవచ్చు. మొదట సరిగ్గా ఉండి పోనుపోను దూరం పెరిగితే మాత్రం ఫ్రేమ్ రేటు తేడా. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. యూరప్ డీవీడీల్లో 25. ఆ డీవీడీలో ఈ సినిమా 122 నిమిషాలకే అయిపోతుంది. దానికి చేసిన సబ్‌టైటిళ్ళు 24 ఫ్రేముల వీడియోకి పెడితే గంటకి రెండు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు, చివరికి ఐదు నిమిషాలు తేడా వస్తుంది. ఖదీజా చనిపోయేటప్పుడు తెర మీద ఎవరి మాటలో పడుతుంటాయి. సబ్‌టైటిల్ ఎడిట్‌లో ‘చేంజ్ ఫ్రేమ్ రేట్’ అన్నచోట 25 నుంచి 24కి మార్చండి. ప్రదర్శన రోజు హాల్లో మీటలు నొక్కుతూ తంటాలు పడటం కుదరదు.

ఫాంటు సంగతి ముందురోజే తేల్చండి. ‘జ్యోత్స్న, లక్ష్మి, స్త్రీ, ప్రార్థన’ అని ఒక పరీక్ష లైను రాసి, ప్రదర్శనకి వాడే అదే లాప్‌టాప్‌లో చూడండి. వత్తులు విడిపోయినా, డబ్బాలు కనపడినా వీఎల్‌సీ ప్రిఫరెన్సుల్లో సబ్‌టైటిల్ ఫాంటుని నోటో సాన్స్ తెలుగుకో నిర్మలా యూఐకో మార్చాలి. ఇంకా మంచిది హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అక్షరాల్ని వీడియోలోకే అచ్చువేసేయడం, ఇక ఏ లాప్‌టాప్ అయినా భయం లేదు. సైజు ఇంగ్లిషుకి పెట్టేదానికంటే పావు వంతు పెంచండి. రెండు లైన్ల మధ్య ఖాళీ కూడా పెంచండి. పై లైను వత్తులు కిందికి దిగి కింది లైను గుడికి తగిలితే రెండూ చదవలేం. తెలుపు అక్షరం, చుట్టూ నల్ల అంచు. తెల్లగోడల ముందు తెల్లబట్టల మనుషులు వచ్చినప్పుడు ఆ అంచే కాపాడుతుంది.

చదవడం రాని వాళ్ళ కోసం

హాల్లో పదిమందికి చదువు రాకపోయినా ఇది తప్పదు. సబ్‌టైటిల్ పట్టీ అచ్చుతీసి ఒకామె చదివి వినిపించాలి. నటించకూడదు, గొంతు మార్చకూడదు, ఖదీజాకి ఏడుపు గొంతు, హద్దాకి ముసలి గొంతు పెట్టకూడదు. రేడియోలో ప్రాంతీయ వార్తలు చదివినట్టు సమంగా, అసలు గొంతు మొదలైన అర సెకను తర్వాత, దానికంటే తక్కువ శబ్దంతో. రెండుసార్లు మొత్తం సినిమాతో రిహార్సల్ కావాలి. 127 నిమిషాలు ఒక్కరే చదివితే గొంతు పోతుంది, ఇద్దరు గంటకొకరు మారండి. చదవని వాళ్ళనీ ఆమెనీ హాల్లో ఒకవైపు కూర్చోబెట్టి ఆ వైపు చిన్న స్పీకర్ పెడితే మిగతావాళ్ళకి ఇబ్బంది ఉండదు. మాటలు లేని చోట ఆమె కూడా ఊరుకోవాలి. ‘ఇప్పుడు వాళ్ళమ్మని తల్చుకుంటోంది’ లాంటి వ్యాఖ్యానం నోట్లోంచి వస్తూనే ఉంటుంది. ఆపుకోవాలి.

హాలు, తెర, మైక్‌సెట్

నేల సమంగా ఉన్న హాల్లో సబ్‌టైటిల్‌కి శత్రువు ముందువరస జడకొప్పు. తెర కింది అంచు నేల నుంచి నాలుగు అడుగుల పైన ఉండాలి. పది అడుగుల వెడల్పు తెర అయితే పై అంచు పదడుగులకి పోతుంది, అంత ఎత్తు కప్పు ఉందో లేదో ముందే కొలవండి. కప్పు చాలకపోతే ముందు రెండు వరసల్లో కుర్చీలు తీసేసి జంపఖానాలు పరవండి. మిగతా కుర్చీలు ఒకదాని వెనక ఒకటి కాకుండా సందుల్లోకి వచ్చేట్టు వెయ్యండి.

ప్రొజెక్టరు 3,500 ల్యూమెన్లకి తగ్గొద్దు. ఈ సినిమాలో చాలా భాగం మసక గదులు, దీపం వెలుగు. పెళ్ళి ప్రొజెక్టర్ల వాళ్ళు ‘డైనమిక్’ మోడ్‌లో పెట్టేసి ఉంచుతారు, నీడలన్నీ నీలంగా కొడతాయి. ‘సినిమా’ మోడ్‌లోకి మార్చమనండి. తెర నిండాలని బొమ్మని సాగదీయనివ్వకండి. కిటికీలకి నల్లగుడ్డ రెండు మడతలు. సీలింగ్ ఫ్యాన్ గాలికి గుడ్డతెర ఊగితే అక్షరాలు చదవలేం, తెర కిందికి కర్ర కట్టండి. మేలో ఈ పని పెట్టుకుంటే ఫ్యాన్లు ఆపలేం, ఫ్యాన్ల హోరులో నిశ్శబ్దం వినలేం. డిసెంబరు, జనవరి మంచివి. మిర్చి పనివాళ్ళు రావాలనుకుంటే సీజను ముదరకముందే కానిచ్చేయండి.

ప్రొజెక్టర్, లాప్‌టాప్, స్పీకర్లు కలిపి ఆరేడు వందల వాట్లు. అంత బరువు మోసే యూపీఎస్ ఉంటే కరెంటు పోయి జనరేటర్ అందుకునేదాకా బండి నడుస్తుంది. జనరేటర్ని హాలు గోడ పక్కన కాకుండా వీధి చివర పెట్టించండి.

మైక్‌సెట్ అబ్బాయితో మాట్లాడటానికి పావుగంట కేటాయించండి, ఇది నిజంగా అవసరం. మన సభల అలవాటుకొద్దీ మిక్సర్‌లో ఎకో పెట్టేసి ఉంటుంది. సున్నా చెయ్యాలి. స్పీకర్లు తెరకి అటూ ఇటూ, చెవి ఎత్తులో. ఈ సినిమాకి అనువర్ బ్రాహెమ్ ఇచ్చిన సంగీతం పల్చగా ఉంటుంది, దానికి బాస్ పెంచితే గుడి ఊరేగింపు అవుతుంది. ఇంకొకటి ముందే చెప్పాలి: తల్లి మీద జరిగిన అత్యాచారం చూసిన ఆలియా దివాణం గేటు వైపు పరిగెత్తి, తలుపులు మూసుకుపోతుంటే నోరంతా తెరిచి అరుస్తుంది. అరుపు వినపడదు. అది సినిమాలో అలాగే ఉంది. చెప్పకపోతే అబ్బాయి వైరు ఊడిందనుకుని జాక్ కదుపుతాడు, ‘టప్’మని చప్పుడొస్తుంది, అంతే, ఆ షాటు పోయింది. దాని టైము కాగితం మీద రాసి మిక్సర్‌కి అంటించండి.

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి మొదలుపెడితే ఐదు లోపు అయిపోతుంది, చర్చయ్యాక చీకటి పడకుండా బస్సెక్కొచ్చు. ఇంటర్వెల్ లేకుండా ఆడించడమే న్యాయం. మనవాళ్ళు కూర్చోలేరనిపిస్తే గంట దాటాక కథ ‘ఇప్పుడు’లోకి తిరిగొచ్చిన చోట ఆపండి, మధ్య సీనులో కాదు. డెబ్భై మందికి టీ ఆరు లీటర్లు. సమోసాలు సినిమా అయ్యాకే, కాగితం చప్పుడు చాలా దూరం వినపడుతుంది.

పిలిచేటప్పుడు, చూశాక

పిలుపు కాగితంలోనే రాయండి: ఇందులో అత్యాచారం, గర్భస్రావం, తల్లి మరణం ఉన్నాయి, చిన్నపిల్లలకి కాదు. పిల్లల్ని వదిలి రాలేని వాళ్ళ కోసం పక్కగదిలో ఇద్దరు కూర్చోవాలి. సినిమా మధ్యలో లేచి వెళ్ళేవాళ్ళని ‘ఏమైంది’ అని అందరిముందూ అడగకండి. బయట ఒకామె మంచినీళ్ళతో ఉండాలి. మహిళా హెల్ప్‌లైన్ 181 అని తలుపు లోపలివైపు, బాత్‌రూమ్‌లో అంటించండి. నలుగురి కళ్ళూ పడని చోటే ఆ నంబరు రాసుకుంటారు.

ముఖ్య అతిథిని పిలవకండి. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, నలభై నిమిషాల ప్రసంగం అయ్యేసరికి ఆడవాళ్ళు వాచీలు చూసుకుంటుంటారు. పరిచయం మూడు నిమిషాలు: దేశం ఎక్కడుంది, ఏ కాలం, ఎవరి పేరేమిటి. గోడ మీద పేర్ల పటం ఒకటి, పై అంతస్తు వాళ్ళు పైన, వంటింటి వాళ్ళు కింద.

లైట్లు ఒక్కసారిగా వెయ్యకండి. టీ ఇవ్వండి, పది నిమిషాలు వదిలేయండి. తర్వాత కుర్చీలు గుండ్రంగా. ‘ఈ సినిమా సందేశం ఏమిటి’ అని అడిగారంటే చర్చ అక్కడే చచ్చిపోతుంది. అందరూ పరీక్ష పేపరు రాసినట్టు ‘స్త్రీలు చదువుకోవాలి’ అంటారు. వస్తువు గురించి అడగండి. వంటింట్లో వాళ్ళ చేతులు ఏ పని చేస్తున్నాయి? వాళ్ళు ఎప్పుడు పాడతారు, ఎప్పుడు ఆపేస్తారు? మేడమెట్లు ఎవరు ఎక్కారు, ఎప్పుడు? చేతుల మాట వచ్చేసరికి తొడిమలు తీసేవాళ్ళు నోరు విప్పుతారు, ఎందుకంటే కబుర్లు చెప్పుకుంటూ చేతులు ఆపకుండా పనిచేయడం వాళ్ళకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆలియా చివరికి బిడ్డని ఉంచుకుంటానని, ఆడపిల్ల అయితే ఖదీజా అని పేరు పెడతానని తీసుకున్న నిర్ణయం మీద వాదన వస్తుంది. రానివ్వండి. పెళ్ళి కాకుండా అని ఒకరు, తల్లి పేరు అని ఒకరు. నడిపేవాళ్ళు తీర్పు చెప్పకూడదు. మాట్లాడని వాళ్ళ వైపు మైకు తిప్పకూడదు.

‘మా ఇంట్లో కూడా’ అని ఎవరైనా మొదలుపెడితే ఫోన్లు కింద పెట్టమనండి. వీడియో తీయబోమని ముందే చెప్పి ఉండాలి.

తర్వాత ఏది వెయ్యాలని అడుగుతారు. త్లాత్లిదే 2000 నాటి ‘ది సీజన్ ఆఫ్ మెన్’ ఉంది. జెర్బా దీవిలో మొగుళ్ళంతా ట్యునిస్‌లో పనిచేస్తూ ఏడాదికి ఒక్క నెల ఇంటికొస్తారు, ఆడవాళ్ళు అత్తగారి కింద తివాచీలు నేస్తూ ఎదురుచూస్తారు. ఆటోనగర్ వైపు లారీ డ్రైవర్ల ఇళ్ళల్లో దీనికి వేరే పరిచయం అక్కర్లేదు. వరసగా వెయ్యాలనుకుంటే మధ్యలో బి.నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ పెట్టండి. తెలంగాణ గడీలో అదే మేడ, అదే వంటిల్లు, సబ్‌టైటిల్ పనీ ఉండదు. ఇంకొంచెం ముందుకి వెళ్ళాలంటే కౌథర్ బెన్ హానియా ‘ఫోర్ డాటర్స్’, 2023. అందులో తల్లి వేషం కొంతసేపు వేసింది హింద్ సబ్రీ, అంటే మీ హాల్లో అంతకుముందు చిన్న ఆలియాగా చూసిన పిల్లే. ఆ సంగతి మొదటి ప్రదర్శనలో చెప్పకండి, రెండోదానికి వచ్చాక వాళ్ళే గుర్తుపడతారేమో చూడండి.

సబ్‌టైటిల్ ఫైలుని పారేయకుండా దాచండి. ఫైలు పేరులోనే సినిమా పేరు, తెలుగు అని, ఫ్రేమ్ రేటు 24 అని రాయండి. పిలుపుల పట్టీ, టైముల కాగితం ఫోటో తీసి దాంతోపాటే పెట్టండి. గుంటూరులో ఇంకెవరైనా అడిగితే మూడూ కలిపి ఇవ్వాలి.